భాగం – 9: నిప్పు గురించి పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాం? అగ్నిభద్రతా సందేశాలపై విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• చిన్నపిల్లల కోసం తయారుచేసిన భద్రతా సందేశాన్ని విమర్శించడానికి కావలసిన ప్రమాణాలను చెప్పగలుగుతారు.
• భయం మీద ఆధారపడిన సందేశం ఎందుకు బెడిసికొడుతుందో వివరించగలుగుతారు.
• ఒక దేశంలో తయారైన సందేశాన్ని మన ఇళ్లకు తెచ్చినప్పుడు వచ్చే ఇబ్బందులను గుర్తించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని పిల్లలకు తగిన సందేశాన్ని తెలుగులో రాయగలుగుతారు.

9.1 పరిచయం

పెద్దలను ఉద్దేశించిన ఆరోగ్య సందేశాల గురించి గత భాగంలో చదివారు. ఈ భాగంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు నిప్పు గురించి చెప్పే మాటలను పరిశీలిద్దాం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని సందేశంలో లోపం ఉంటే దాని మూల్యం ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కొన్నేళ్ల కిందట ఒక పాఠశాలలో అగ్నిమాపక ప్రదర్శన చూశాను. ఇనప తొట్టిలో డీజిల్ పోసి అంటించారు. మంట మనిషెత్తున లేచింది. సిబ్బందిలో ఒకరు ఎర్ర సిలిండర్ పిన్ను లాగి, పొడి చిమ్మి, క్షణాల్లో ఆర్పేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఒకటో తరగతి పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, "ఏం నేర్చుకున్నావు నాన్నా?" అని అడిగాను. "మంట భలే పెద్దగా వచ్చింది తాతా" అన్నాడు. "మీ ఇంట్లో అలా వస్తే ఏం చేస్తావు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "మంచం కింద దాక్కుంటా" అన్నాడు.

ఆ జవాబు ఒక్క పిల్లవాడిది కాదు. మంటలు వచ్చిన ఇంట్లో చిన్నపిల్లలు మంచాల కింద, బీరువాల్లో, తలుపుల వెనక దాక్కోవడం అగ్నిమాపక వృత్తిలో ఉన్నవారికి బాగా తెలిసిన విషయమే. అగ్నిప్రమాదాల్లో మంట కంటే ముందు ప్రాణం తీసేది చాలాసార్లు పొగ. దాక్కున్న పిల్లవాడిని మంట చేరకపోయినా పొగ చేరుతుంది. కాబట్టి ఏ సందేశాన్నైనా ఒకే ఒక్క ప్రశ్నతో తూచవచ్చు: ఇది విన్న పిల్లవాడు, మంట చూసిన మొదటి నిమిషంలో ఏం చేస్తాడు? బయటికి పరుగెత్తి పెద్దవాళ్లకు చెబుతాడా, దాక్కుంటాడా? దాక్కునేలా చేసే సందేశం కంటే అసలు సందేశం లేకపోవడమే నయం.

9.2 విమర్శకు ప్రమాణాలు

స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే రెండేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉన్న దశను పూర్వ ప్రచాలక దశ అన్నాడు. ఈ వయసు పిల్లలు కంటికి కనిపించే దాన్నిబట్టి ఆలోచిస్తారు. ఒక సందర్భంలో నేర్చుకున్నదాన్ని మరో సందర్భానికి సరిగా అన్వయించలేరు. ప్రాణం లేని వస్తువులకు ప్రాణం, ఉద్దేశం ఉన్నాయని నమ్ముతారు. దీన్ని సర్వాత్మవాదం అంటారు. 'నిప్పు చెడ్డది' అని చెబితే, అది చెడ్డవాళ్లను పట్టుకునే మనిషిలాంటిదని పిల్లవాడు అనుకోవచ్చు. నవ్వు ముఖం గీసిన మంట బొమ్మను పోస్టరు మీద పెడితే, అది తనతో ఆడుకోవడానికి వచ్చిందనీ అనుకోవచ్చు. రెండూ ప్రమాదమే.

ఈ వయసును దృష్టిలో పెట్టుకుని ప్రతి సందేశాన్నీ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు.

1. ఏం చేయాలో చెప్పిందా, ఏం చేయకూడదో చెప్పి ఊరుకుందా?
2. చెప్పిన పని ఆ వయసు ఒంటికి చేతనవుతుందా?
3. ఎప్పుడు చేయాలో స్పష్టంగా చెప్పిందా?
4. అగ్గిపుల్ల గీసింది ఆ పిల్లవాడే అయినప్పుడు కూడా అతను నోరు విప్పి చెప్పగలిగేలా ఉందా?

మొదటి మూడు ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు. ఇంట్లో చిన్నపిల్లల చేతుల మీదుగా అంటుకున్న మంటలో మొదటి సాక్షి ఆ పిల్లవాడే. అతను మాట్లాడకపోతే ఆ విషయం ఇంకెవరికీ తెలియదు.

9.3 పౌలిన్‌చెన్ కథ: భయపెట్టే సందేశం

పిల్లలకు నిప్పు గురించి చెప్పిన కథల్లో చాలా పేరుపొందినది జర్మనీలో పుట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో వైద్యుడిగా పనిచేసిన హైన్రిష్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ల కొడుకు కోసం బొమ్మల పుస్తకం కొనబోయాడు. అంగడిలో దొరికినవన్నీ నీతులు వల్లించే పుస్తకాలే కావడంతో నచ్చక, తానే బొమ్మలు గీసి పద్యాలు రాశాడు. అది మరుసటి ఏడు అచ్చయింది. 'స్ట్రువెల్‌పీటర్' అనే పేరుతో ప్రసిద్ధి పొంది అనేక భాషల్లోకి వెళ్లింది.

అందులో పౌలిన్‌చెన్ అనే చిన్నపిల్ల కథ ఉంది. అమ్మానాన్నలు ఇంట్లో లేరు. పిల్లకు నిప్పుపుల్లలు కనిపించాయి. ఇంట్లోని రెండు పిల్లులు కాళ్లెత్తి, వద్దు వద్దని వారిస్తాయి. పిల్ల వినదు. పుల్ల గీస్తుంది, ఆనందంగా గంతులేస్తుంది, బట్టలంటుకుంటాయి. చివరికి కాస్త బూడిద, ఒక జత చెప్పులు మిగులుతాయి. పిల్లులు కూర్చుని ఏడుస్తాయి. వాటి కన్నీళ్లు వాగులా పారతాయి.

ముందు ఈ కథ గుణాలు చూద్దాం. గీస్తే మండే పుల్లలు యూరప్‌లో అమ్మకానికి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లైనా కాలేదు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ప్రమాదాన్ని ఒక వైద్యుడు వెంటనే గుర్తించి పిల్లల భాషలో చెప్పడం గొప్ప విషయం. లయ ఉంది, బొమ్మ ఉంది, పిల్లలు ఇష్టపడే పిల్లులున్నాయి. ఒకసారి విన్నవారు మరచిపోరు. ఇది నీతికథలను వెక్కిరించే హాస్యమని సమర్థించేవారూ ఉన్నారు. పెద్ద పాఠకుల విషయంలో ఆ వాదన నిలుస్తుంది. నాలుగేళ్ల పిల్లకు ఈ వెక్కిరింత అందదు. ఆ పిల్లకు కనిపించేది బూడిద కుప్పే.

ఇప్పుడు మన ప్రశ్నలు అడుగుదాం. పౌలిన్‌చెన్ ఏం చేయకూడదో కథ చెబుతుంది. పుల్ల గీశాక ఏం చేయాలో ఒక్క మాట కూడా చెప్పదు. పిల్లులకు తెలిసింది రెండే పనులు: ముందు వారించడం, తరవాత ఏడవడం. కథలో నీళ్లు లేకపోలేదు, వాగంత ఉన్నాయి. కాని అవి పిల్ల బూడిదయ్యాక వస్తాయి. మన సామెతలో చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లాంటివి ఆ కన్నీళ్లు.

ఇంకో లోపం ఉంది. నిప్పుపుల్లలను పిల్లకు అందే చోట పెట్టిందెవరు? పసిపిల్లను ఒంటరిగా వదిలి వెళ్లిందెవరు? కథ ఆ పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగదు. తప్పంతా మాట వినని పిల్లదే అయింది. ఇలాంటి కథ విని పెరిగిన పిల్ల చేతిలో పుల్ల మండితే, 'మాట వినలేదు, నాకు శిక్ష తప్పదు' అన్న ఆలోచనే ముందు వస్తుంది. అప్పుడు ఆ పిల్ల పెద్దవాళ్లను పిలవదు, దాక్కుంటుంది. నాలుగో ప్రశ్నకు ఈ కథ దగ్గర జవాబు లేదు.

9.4 భయం గురించి సిద్ధాంతం ఏమంటుంది?

భయపెట్టి చెబితే ఎక్కువ పనిచేస్తుందన్న నమ్మకాన్ని ఇర్వింగ్ జానిస్, సీమోర్ ఫెష్‌బాక్ 1953లో పరీక్షించారు. హైస్కూలు విద్యార్థులను గుంపులుగా విడదీసి, పళ్ల శుభ్రత గురించి వేర్వేరు మోతాదుల్లో భయం కలిపి చెప్పారు. ఎక్కువ భయపెట్టిన గుంపు ఎక్కువ ఆందోళన పడింది. చెప్పిన సలహాను ఎక్కువగా పాటించింది మాత్రం తక్కువ భయపెట్టిన గుంపు.

తరవాతి పరిశోధనల్లో అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు. ఆ తేడాలకు కారణం వెతుకుతూ కిమ్ విట్టీ 1992లో ఒక నమూనాను ప్రతిపాదించారు. భయపెట్టే సందేశం వినగానే మనిషి మనసులో రెండు లెక్కలు నడుస్తాయి. ముప్పు ఎంత పెద్దది? తప్పించుకునే శక్తి నాకుందా? ముప్పు పెద్దదై, శక్తి ఉందన్న నమ్మకం కూడా ఉంటే మనిషి ప్రమాదాన్ని తగ్గించే పని చేస్తాడు. దీన్ని ప్రమాద నియంత్రణ అంటారు. ముప్పు పెద్దదై, చేతనైంది ఏమీ లేదనిపిస్తే తన భయాన్ని తగ్గించుకునే పని చేస్తాడు: కళ్లు మూసుకుంటాడు, వినడం మానేస్తాడు. దీన్ని భయ నియంత్రణ అంటారు.

ఈ నమూనా ప్రధానంగా పెద్దల ఆరోగ్య సందేశాల కోసం వచ్చింది. అయినా మంచం కింద దాక్కునే పిల్లవాడిని దీని వెలుగులో చూస్తే విషయం తేటపడుతుంది. దాక్కోవడం వల్ల మంట తగ్గదు, మంట కనిపించడం తగ్గుతుంది. అతను చేస్తున్నది భయ నియంత్రణ. మనం భయం ఇచ్చి ఉపాయం ఇవ్వలేదు కాబట్టి, అతను తనకు చేతనైన పని తాను చేశాడు.

9.5 'ఆగు, పడుకో, పొర్లు': పని చెప్పే సందేశం

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల్లో అమెరికాలో ఈ ఆలోచన మారింది. 1896లో ఏర్పడిన జాతీయ అగ్నిరక్షణ సంఘం 1979లో పాఠశాలల కోసం 'లెర్న్ నాట్ టు బర్న్' అనే పాఠ్యక్రమాన్ని తెచ్చింది. బట్టలంటుకున్నప్పుడు చేయవలసిన 'స్టాప్, డ్రాప్ అండ్ రోల్' అన్న మూడు పనులు ఆ కాలంలోనే ఇంటింటి మాట అయ్యాయి. ఇందులో శిక్ష లేదు, నీతి లేదు. మూడూ క్రియాపదాలే, మూడూ పిల్లల ఒంటికి చేతనయ్యేవే. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది కాబట్టి ఆగాలి. నిలబడితే మంట ముఖం వైపు లేస్తుంది కాబట్టి నేల మీద పడుకోవాలి. పొర్లితే గాలి అందక మంట ఆరుతుంది. పొర్లేటప్పుడు చేతులతో ముఖం కప్పుకోవాలి.

మొదటి రెండు ప్రశ్నలకు ఈ సందేశం చక్కని జవాబిస్తుంది. మూడో ప్రశ్న దగ్గర తడబడుతుంది. లయ ఎంత బాగుందంటే, 'బట్టలంటుకుంటే' అన్న షరతు జారిపోయి మూడు మాటలే మిగులుతాయి. ఇంట్లో ఎక్కడ మంట కనిపించినా నేల మీద పడి పొర్లాలని కొందరు పిల్లలు అనుకుంటారు. తలుపు వైపు వెళ్లవలసిన పిల్లవాడు వంటింట్లో పొర్లుతూ ఉంటే, మంచి సందేశమే అతణ్ణి అక్కడ ఆపేసినట్టవుతుంది. అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చొక్కా మీద ఎర్ర కాగితం ముక్క అంటించి, 'ఇది నీ బట్ట మీద ఉంటేనే' అని చూపించాలి. కాగితం గోడ మీద అంటించి, 'ఇప్పుడు బయటికి' అని కూడా నేర్పాలి. షరతు కంటికి కనిపిస్తేనే ఆ వయసుకు అర్థమవుతుంది.

1969లో మొదలైన 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం వారు, అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక పరిపాలనా సంస్థతో కలిసి చేసిన పాఠాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. బడికి వెళ్లని వయసు పిల్లలకు ఏ వస్తువు కాలుతుందో, ఏది కాలదో బొమ్మలతో వేరుచేయించడం, బయటికి వెళ్లడం సాధన చేయించడం వీటిలో ఉంటాయి. అగ్నిమాపక సిబ్బంది పిల్లల ఎదుటే ఒక్కొక్కటిగా కోటు, శిరస్త్రాణం, ముసుగు వేసుకుని చూపించడం కూడా ఇలాంటి పాఠాల్లో ముఖ్యమైన అంశం. ముసుగు వెనక మామూలు మనిషే ఉన్నాడని తెలిసిన పిల్లవాడు, అతను చేయి చాస్తే అందుకుంటాడు.

9.6 మన ఇంట్లో, మన భాషలో

ఈ పాఠాలను ఉన్నవున్నట్టుగా తెలుగులోకి తెస్తే సరిపోతుందా? సరిపోదు. వాటిలో పొగ అలారం మోత కీలకం. మన ఇళ్లలో ఎక్కువ వాటికి అలారం లేదు. మన పిల్లల చుట్టూ ఉన్నవి గ్యాసు పొయ్యి, కట్టెల పొయ్యి, దేవుడి గూట్లో దీపం, మంచం పక్కన దోమల చుట్ట, నేల మీద దించిన పులుసు గిన్నె. 'బయటికి రా' అని నేర్పుతాం. పై గడియ పిల్లవాడి చేతికి అందదు. పెద్దలు పనికి పోతూ బయట తాళం వేసి ఉంటే అసలు దారే లేదు. సందేశం రాసేవారు ముందు ఆ ఇంటి తలుపు చూడాలి.

అనువాదంలో ఇంకో చిక్కు ఉంది. 'డ్రాప్' అన్న మాటకు 'కిందపడు' అని రాస్తే, తెలుగు పిల్లలకు అది దెబ్బ తగిలే ప్రమాదం. 'పడుకో' అంటే పిల్లలకు తెలిసిన పని. 'రోల్' అన్నదానికి 'దొర్లు' కంటే 'పొర్లు' మేలని నా అభిప్రాయం. గుడిలో పొర్లుదండాలు చూసిన పిల్లలకు ఆ పని కళ్ల ముందుంటుంది.

ఇక మన సొంత సందేశాలు చూద్దాం. 'నిప్పుతో ఆడకు, తాట తీస్తా' అన్నది మన ఇళ్లలో తరచు వినిపించే మాట. ఇది రెండు ముక్కల పౌలిన్‌చెన్ కథ. పైగా ఏడాదంతా ఈ మాట అని, దీపావళి రాత్రి అదే పిల్లవాడి చేతికి కాకరపువ్వొత్తి ఇస్తాం. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. కాకరపువ్వొత్తి వేడి వెయ్యి డిగ్రీల దాకా పోతుంది. వెలుగు ఆరాక కూడా ఆ కడ్డీ చాలాసేపు కాలుతుంది. నేల మీద పడేసిన కడ్డీని తొక్కి కాళ్లు కాల్చుకునే పిల్లలు ఏటా ఉంటారు. 'జాగ్రత్త' అన్న మాట వల్ల ఆ పిల్లవాడికి ఏమీ తెలియదు. 'అయిపోయిన కడ్డీ నీళ్ల బకెట్‌లో వెయ్యి' అంటే తెలుస్తుంది. బకెట్ పక్కనే ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

అన్నం తినకపోతే 'బూచోడొస్తాడు' అంటాం. అల్లరి చేస్తే 'పోలీసుకు పట్టిస్తా' అంటాం. పొగలోంచి ముసుగు, వీపున సిలిండరు, బరువైన ఊపిరి చప్పుడుతో ఒక ఆకారం వస్తే, అది పిల్లవాడి మనసులో మనం గీసిన బూచోడి బొమ్మే. అతను ఇంకా లోపలికి జరుగుతాడు. అగ్నిభద్రతతో సంబంధం లేదనుకున్న మాట కూడా అగ్నిభద్రతా సందేశమే అవుతుందనడానికి ఇది నిదర్శనం.

సమయం గురించి కూడా ఒక మాట. బొంబాయి రేవులో 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలినప్పుడు ప్రాణాలు కోల్పోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఆ రోజు నుంచి దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. వారిని స్మరించుకోవడం మన బాధ్యత. అయితే తెలుగు రాష్ట్రాల్లో అవి ఒంటిపూట బడులు, పరీక్షలు, వేసవి సెలవుల ముంగిట వస్తాయి. దీపావళి వచ్చేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి. చిన్నపిల్లలకు పాఠం అవసరానికి దగ్గరగా, పదేపదే రావాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు రోజూ వచ్చే అంగన్‌వాడీ కేంద్రాలు, అక్కడ పాడించే అభినయ గేయాలు దీనికి అనువైన చోటు.

పై చర్చ ఆధారంగా నాలుగు సందేశాలను కింద ఇస్తున్నాం. మీరు వీటిని కూడా విమర్శించండి.

• అగ్గిపెట్టె కనబడిందా? ముట్టుకోకుండా అమ్మకు చూపించు.
• పొగ వచ్చిందా? వంగి పాకుతూ బయటికి రా. వేపచెట్టు కింద నిలబడు. మళ్లీ లోపలికి వెళ్లకు.
• బట్ట అంటుకుందా? ఆగు, పడుకో, పొర్లు. చేతులతో ముఖం కప్పుకో.
• నిప్పు ఎవరు అంటించినా సరే, పరుగెత్తుకొచ్చి చెప్పు. నిన్ను కొట్టం.

నాలుగో సందేశంలో చివరి మాట పెద్దల వాగ్దానం. పాలు ఒలకబోసినప్పుడు కొట్టి, నిప్పు దగ్గర కొట్టమంటే పిల్లవాడు నమ్మడు. ఆ నమ్మకం పోస్టరు మీద పుట్టదు, ఇంట్లో రోజూ పుట్టాలి.

9.7 సందేశం పరిమితి

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న ఒక పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన నిప్పు పూరికప్పుకు పాకింది. కప్పు పిల్లల మీద కూలింది. బయటికి పోయే దారి ఇరుకు. ఆ పిల్లలకు ఏ పాట నేర్పినా, ఏ మూడు క్రియాపదాలు కంఠస్థం చేయించినా అక్కడ చాలేవి కావు. ఆ దుర్ఘటన నేపథ్యంలో వచ్చిన అవినాష్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇస్తూ, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. అగ్నిమాపక పరికరాలు, సిబ్బందికి శిక్షణ వంటి వాటిపై ఆదేశాలిచ్చింది.

విమర్శకుడు ఈ హద్దును మరవకూడదు. పిల్లలకు సందేశం చెప్పడం పెద్దల బాధ్యతకు అదనం, ప్రత్యామ్నాయం కాదు. పౌలిన్‌చెన్ తల్లిదండ్రులను అడగని ప్రశ్న మనం అడగాలి. అగ్గిపెట్టె ఏ ఎత్తున ఉంది? గడియ ఎవరికి అందుతుంది? వంటగది కప్పు దేనితో వేశారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది ఐదేళ్ల పిల్లవాడు కాదు.

9.8 సారాంశం

చిన్నపిల్లలకు చెప్పే అగ్నిభద్రతా సందేశాన్ని, మంట చూసిన మొదటి నిమిషంలో పిల్లవాడు చేసే పనిని బట్టి అంచనా వేయాలి. పౌలిన్‌చెన్ కథ ముప్పును చూపి ఉపాయం చూపలేదు. 'ఆగు, పడుకో, పొర్లు' ఉపాయం చూపినా సందర్భాన్ని గట్టిగా చెప్పలేకపోయింది. మన ఇళ్లలోని బెదిరింపు, బూచోడి మాటలు పిల్లవాడిని మంచం కిందికి తోస్తాయి. పని చెప్పే మాట, సందర్భం కంటికి చూపే సాధన, శిక్ష ఉండదన్న నమ్మకం మూడూ కలిస్తేనే పిల్లవాడు బయటికి వచ్చి నోరు విప్పుతాడు. అతను బయటికి రావడానికి తలుపు తెరిచి ఉంచడం పెద్దల పని.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సర్వాత్మవాదం అంటే ఏమిటి? అగ్నిభద్రతా పోస్టరు తయారుచేసేవారికి అది ఎందుకు ముఖ్యం?
2. ప్రమాద నియంత్రణకు, భయ నియంత్రణకు భేదమేమిటి?
3. 'ఆగు, పడుకో, పొర్లు' సందేశంలో జారిపోయే షరతు ఏది?

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పౌలిన్‌చెన్ కథను 9.2లోని నాలుగు ప్రమాణాల ఆధారంగా విమర్శించండి.
2. విదేశీ భద్రతా సందేశాన్ని తెలుగు ఇళ్లకు అన్వయించడంలో ఎదురయ్యే సమస్యలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పిల్లలకు సందేశం చెప్పడం పెద్దల బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. కుంభకోణం దుర్ఘటన ఆధారంగా వివరించండి.

III. క్షేత్రకార్యం
మీ వీధిలో ఐదేళ్ల పిల్లలు ముగ్గురిని, వారి పెద్దల సమక్షంలో, "ఇంట్లో మంట వస్తే ఏం చేస్తావు?" అని అడగండి. జవాబులు వారి మాటల్లోనే రాసుకోండి. 'దాక్కుంటా' అన్న జవాబు వస్తే, ఆ పిల్లవాడి పక్కన కూర్చుని తలుపు దాకా పాకి చూపించిన తరవాతే ఇంటికి వెళ్లండి.